మందు మానేశాక గ్లాసులో ఏం పోసుకోవాలి? ఘాటైన మూలికల నీళ్ళు ఇంట్లోనే చేసుకునే పద్ధతి

మందు మానేసినవాళ్ళు, మానేద్దామని చూస్తున్నవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు తిరిగి తిరిగి అడిగేది ఒకే ప్రశ్న. “నలుగురిలో కూర్చున్నప్పుడు చేతిలో ఏం పట్టుకోవాలన్నా?” కూల్‌డ్రింకు రెండో గ్లాసుకే మొహం మొత్తుతుంది. తిరుపతిలో ఎక్కడపడితే అక్కడ దొరికే నన్నారి షర్బత్ కమ్మగా ఉంటుంది గానీ నాలుగు గుక్కల్లో అయిపోతుంది. పక్కవాళ్ళ గ్లాసులు సగం కాకముందే మీది ఖాళీ. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు “ఒక్క పెగ్గేగా, వేసుకో” అంటారు.

అందుకే మనకు కావలసింది తీపి పానీయం కాదు. గొంతులో కాస్త మంట, నాలుక మీద చేదూ వగరూ, ముక్కుకు మంచి వాసన ఉండాలి. అప్పుడు గుక్కకీ గుక్కకీ మధ్య మనిషి తనంతట తానే ఆగుతాడు, గ్లాసు అరగంట చేతిలో ఉంటుంది. బ్రిటన్‌లో 2015లో వచ్చిన సీడ్‌లిప్ కంపెనీ పట్టుకున్న కిటుకు ఇదే. మూలికల, తొక్కల, దినుసుల సారం తీసి, ఆల్కహాల్ లేకుండా సీసాల్లో అమ్మింది. ఆ దారిలో తర్వాత చాలా కంపెనీలు వచ్చాయి. దిగుమతి సీసాల ధర మాత్రం మామూలు ఇంటికి అందేది కాదు. అసలు వాటిలో పడే దినుసులు సగం మన పోపులపెట్టెలోనే ఉన్నాయి. జిన్ అనే మందుకు ఆ వాసన ఇచ్చే దినుసుల్లో జునిపర్ అనే చెట్టు కాయల తర్వాత ముఖ్యమైనవి ధనియాలే.

మొదలుపెట్టేముందు మూడు మాటలు. ఇవి దాటేసి కిందికి వెళ్ళకండి.

రోజూ ఎక్కువగా తాగే అలవాటున్నవాళ్ళు ఈ సీసా చేసుకుని రేపటి నుంచే సొంతంగా మానేయకూడదు. ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనబడటం, ఫిట్స్ రావడం దాకా వెళ్ళొచ్చు. అది ప్రాణానికే ముప్పు. ముందు డాక్టరును కలవండి. మత్తు మానడానికి సాయం చేసే జాతీయ హెల్ప్‌లైన్ 14446, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416. ఈ రెండూ ఉచితం.

కొత్తగా మానేసినవాళ్ళలో కొందరికి జిన్ లాంటి వాసన, పెగ్గు గ్లాసు, ఐసు చప్పుడు... ఇవే మళ్ళీ తాగాలనే కోరిక పుట్టిస్తాయి. మీకు అలా అనిపిస్తే ఈ పానీయం మీకు కాదు, కనీసం ఇప్పటికి కాదు. మజ్జిగ, నిమ్మసోడా చాలు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

మూడోది, కనిపించని ఆల్కహాల్. మందు మానడానికి డాక్టరు డైసల్ఫిరామ్ మాత్రలు (ఇవి వేసుకుంటే కాస్త ఆల్కహాల్ తగిలినా ఒంటికి పడదు) రాసి ఉంటే ఇది మరీ ముఖ్యం. కాక్‌టెయిల్స్‌లో చుక్కలుగా వేసే బిట్టర్స్, కొన్ని వెనిలా ఎసెన్సులు, హోమియో చుక్కల మందులు, ఆయుర్వేదంలోని ఆసవాలు, అరిష్టాలు... వీటన్నిటిలో ఆల్కహాల్ ఉంటుంది. అరిష్టాలు పులియబెట్టి చేసేవి, ఆల్కహాల్ వాటిలోనే పుడుతుంది. “ఆయుర్వేదమేగా” అని ఈ పానీయంలో ఒక మూత అరిష్టం కలిపేవాళ్ళున్నారు. ఆ పని చేయొద్దు.

కావలసినవి

సుమారు 450 మిల్లీలీటర్ల సీసాకు సరిపోయే కొలతలు ఇవి. గ్లాసులుగా చూస్తే ఎనిమిదో తొమ్మిదో వస్తాయి.

ఆవిరి పట్టడానికి (అంటే దినుసులు మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి నీళ్ళుగా పట్టుకోవడానికి):
- ధనియాలు 3 టేబుల్ స్పూన్లు
- యాలకులు 6
- నిమ్మకాయలు 4 (పై తొక్క మాత్రమే. రసం తీసి ఉంచుకోండి)
- బత్తాయి లేదా కమలా 1 (తొక్క)
- నన్నారి వేరు 10 గ్రాములు
- నిమ్మగడ్డి ఉంటే 2 కాడలు
- జునిపర్ కాయలు 1 టేబుల్ స్పూన్, దొరికితేనే. లేకపోయినా పానీయానికి లోటు రాదు
- నీళ్ళు లీటరుంబావు

కషాయానికి:
- మిరియాలు ఒకటిన్నర టీస్పూన్
- అల్లం రెండంగుళాల ముక్క
- ఎండు ఉసిరి ముక్కలు 5
- లవంగం 1, చిన్న దాల్చినచెక్క పేడు
- ఎండుమిరపకాయ సగం, గింజలు తీసేసి
- నీళ్ళు అర లీటరు

చివర్లో: నిమ్మరసం 2 టేబుల్ స్పూన్లు, బెల్లం ఒక టీస్పూన్, పిసరంత ఉప్పు, వట్టివేళ్ళు 5 గ్రాములు.

సామాను: 5 లీటర్ల వెడల్పాటి స్టీలు గిన్నె, లోపల పెట్టడానికి స్టీలు రింగు స్టాండు, దాని మీద నిలిచే చిన్న స్టీలు గిన్నె, పెద్ద గిన్నె మూతి మీద సరిగ్గా కూర్చునే గుండ్రటి అడుగున్న స్టీలు బాణలి, రెండు మూడు ట్రేల ఐసు, పల్చటి తెల్లగుడ్డ, గాజు సీసా.

సరుకు ఎంచుకునేటప్పుడు

నన్నారి పేరుతో మూలికల అంగళ్ళలో రెండు రకాలు ఇస్తారు. సన్నగా తీగల్లా ఉండేది సుగంధిపాల వేరు. వేలంత లావుండి గట్టిగా ఉండేది మారేడు కొమ్ము. రెండూ పనికొస్తాయి. కొమ్మును రోట్లో వేసి ఒక్క దెబ్బ కొట్టి చూడండి. పై బెరడు చీలి, లోపలి తెల్లటి కట్టె విడిపోతుంది. బెరడును ముక్కు దగ్గర పెట్టుకుంటే వెనిలా లాంటి వాసన గుప్పుమంటుంది. లోపలి కట్టెకు ఆ వాసన ఉండదు. దాన్ని తీసి పారేసి, బెరడు మాత్రమే తూచుకోండి. దంచినా వాసన రాలేదంటే సరుకు పాతది. కొనకండి.

శేషాచలం కొండల్లో దొరుకుతాయి కదా అని మీరే వెళ్ళి తవ్వుకు రావద్దు. అది రక్షిత అడవి, 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. పైగా వేరు తవ్వితే మొక్కే పోతుంది. మారేడు కొమ్ముల మొక్క ఇప్పటికే అడవుల్లో తగ్గిపోతోంది. సీసాకు పది గ్రాములే కావాలి, అంగట్లో కొనుక్కోండి.

వట్టివేళ్ళు కూడా మూలికల అంగట్లోనే తీసుకోండి. కూలర్లకూ తెరలకూ అమ్మేవి తాగే నీళ్ళలో వేయడానికి పనికిరావు. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పూల అంగళ్ళలో మరువం, దవనం, గులాబీలు ఘుమఘుమలాడుతూ కనిపిస్తాయి, చెయ్యి ఆగదు. అవి తినడానికి పండించినవి కావు, పురుగుమందు కొట్టి ఉండొచ్చు. పెరట్లో పెంచిన తులసి, పుదీనా అయితే నిరభ్యంతరంగా వేసుకోండి.

ఇక కర్పూరం. “తీర్థంలో పచ్చకర్పూరం వేస్తారు కదా, ఇందులోనూ వేయొచ్చా?” అని మా ఊళ్ళో చాలామంది అడుగుతారు. వద్దు. హారతి కర్పూరం విషం, దాన్ని నోట్లో పెట్టనే కూడదు. పచ్చకర్పూరం కూడా ఆవగింజ దాటితే ప్రమాదమే, పిల్లలున్న ఇంట్లో మరీనూ. సీసాలో ఎంత కలిసిందో కంటికి తెలియదు కాబట్టి పూర్తిగా మానేయడమే మంచిది.

చేసే విధానం

1. ముందురోజు రాత్రి ధనియాలు, నన్నారి బెరడు, జునిపర్ కచ్చాపచ్చాగా దంచి లీటరుంబావు నీళ్ళలో నానబెట్టండి. మెత్తగా పొడి చేయకూడదు. పొడి అయితే మరిగేటప్పుడు నురగ పొంగి పైకొస్తుంది.

2. పొద్దున నిమ్మ, బత్తాయి తొక్కలు పీలర్‌తో పల్చగా తీయండి. రంగున్న పై పొర చాలు. కింది తెల్లపొర పడితే ఉడికిన చేదు వస్తుంది. మనకు కావలసిన చేదు అది కాదు. కాయలు ముందే గోరువెచ్చటి నీళ్ళలో బాగా రుద్ది కడగండి.

3. పెద్ద గిన్నె మధ్యలో రింగు స్టాండు, దాని మీద చిన్న గిన్నె పెట్టండి. చుట్టూ నానబెట్టిన నీళ్ళు, చిదిమిన యాలకులు, తొక్కలు, నిమ్మగడ్డి వేయండి. నీటిమట్టం చిన్న గిన్నె అంచుకు కనీసం రెండంగుళాల కింద ఉండాలి. స్టాండు లేదని ఏదో గిన్నె బోర్లిస్తే దాని కింద ఆవిరి చేరి పై గిన్నెను ఎగరేస్తుంది. అలా చేయకండి.

4. పెద్ద గిన్నె మూతి మీద బాణలి పెట్టి, అందులో ఐసు, చన్నీళ్ళు నింపండి. బాణలి అడుగున అతి కిందుగా ఉన్న చోటు సరిగ్గా చిన్న గిన్నెకు ఎదురుగా ఉండాలి. ఆవిరి ఆ చల్లటి అడుగుకు తగిలి నీళ్ళై, అక్కడి నుంచే చుక్కలుగా గిన్నెలో పడుతుంది. అంచుల్లోంచి ఆవిరి పోతుంటే తడిగుడ్డ చుట్టండి, కొసలు మంటకు అందకుండా చూసుకోండి. పిండితో మాత్రం అతికించకూడదు. ఆవిరికి ఎక్కడో ఒక దారి ఉండాలి.

5. స్టవ్ వెలిగించి, మరగడం మొదలవగానే మంట బాగా తగ్గించండి. తెర్లకూడదు, చిన్న చిన్న బుడగలు వస్తూ ఉండాలి. ఐసు కరిగే కొద్దీ వేడెక్కిన నీళ్ళు గరిటెతో తోడేసి కొత్త ఐసు వేయండి. ఈ పనికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. స్టవ్ దగ్గర నుంచి కదలకండి, గిన్నెలో నీళ్ళు ఇంకిపోతే దినుసులు మాడి మొత్తం మసివాసన పడుతుంది.

6. పావు లీటరు దగ్గర పడగానే ఆపండి. బాణలిని వాలుగా ఎత్తితే ఐసునీళ్ళు గిన్నెలోకి పోతాయి, నిటారుగా పైకి తీసి పక్కన పెట్టండి. ఆవిరి చేతికి తగులుతుంది, మందపాటి గుడ్డ వాడండి.

ఇందులో రెండు కట్టడులు. ప్రెషర్ కుక్కర్‌కు గొట్టం తగిలించి ఈ పని చేసేవాళ్ళ వీడియోలు కనబడతాయి. అలా చేయకండి, గొట్టంలో ఏదైనా అడ్డుపడితే కుక్కరు పేలొచ్చు. రెండోది, ఈ గిన్నెలో నీళ్ళూ దినుసులూ తప్ప పులిసినదేదీ పెట్టకండి. పులిసిన బెల్లం నీళ్ళో పండ్లరసమో పెట్టి కాస్తే అది సారా కాయడమే, నేరం.

7. ఆవిరి పడుతుండగానే పక్క పొయ్యి మీద కషాయం పెట్టండి. మిరియాలు, అల్లం దంచి, మిగతావన్నీ వేసి అర లీటరు నీళ్ళు సగానికి వచ్చేదాకా సన్నమంట మీద మరిగించండి. వడకట్టి, ఒక గంట కదపకుండా ఉంచితే మడ్డి అడుగున పేరుకుంటుంది. పైన తేటను మాత్రమే వంచుకోండి.

8. ఆవిరినీళ్ళు, సుమారు 200 మిల్లీలీటర్ల కషాయపు తేట, నిమ్మరసం, బెల్లం, ఉప్పు కలపండి. మట్టి పోయేదాకా కడిగిన వట్టివేళ్ళు అందులో వేసి, మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. వట్టివేరు వాసన అంత తొందరగా ఆవిరిలో రాదు, గంటలకొద్దీ కాయాలి. అందుకే దాన్ని చివర్లో నానబెట్టడం. పాతకాలంలో మంచినీళ్ళ కుండలో వేసేవాళ్ళు కదా, అదే పద్ధతి.

9. పొద్దున తెల్లగుడ్డలో వడకట్టి, వేడినీళ్ళలో మరిగించి ఆరబెట్టిన గాజు సీసాలో పోయండి.

సరిగ్గా వచ్చిందా? ఇలా చూడండి

ఆవిరి పడుతున్నప్పుడు పది నిమిషాలకోసారి శుభ్రమైన చెంచాతో ఒక చుక్క తీసి వాసన చూడండి. మొదట నిమ్మ, యాలకులు ముందుకొస్తాయి, తర్వాత ధనియాలు, నన్నారి. ఉడికిన ఆకుకూర వాసన మొదలైందంటే సారం అయిపోయినట్టే, పావు లీటరు రాకపోయినా ఆపేయండి. మిగతాది మామూలు నీళ్ళు పోసి సరిపెట్టుకోవచ్చు. ఆ వాసన ఒకసారి కలిస్తే తీయలేం.

ఆవిరినీళ్ళు తేటగా గానీ, పాలచుక్క కలిపినట్టు కాస్త మసకగా గానీ ఉండాలి. ఆ మసక తొక్కల్లోని నూనె, మంచిదే. గోధుమరంగు తిరిగితే కింద మరిగే నీళ్ళు ఎగిరి గిన్నెలో పడ్డాయని అర్థం. మంట ఎక్కువైంది.

కలిపిన పానీయాన్ని అలాగే రుచి చూసి “అబ్బో, ఘాటు” అని నీళ్ళు పోసేయకండి. అందరూ చేసే తప్పు ఇదే. గ్లాసులో 50 మిల్లీలీటర్లు పోసి, నాలుగు ఐసు ముక్కలు, 150 మిల్లీలీటర్ల చల్లటి సోడా కలిపి అప్పుడు చూడండి. మింగిన తర్వాత గొంతులో వెచ్చదనం కొద్దిసేపు నిలవాలి. నిలవకపోతే మిరియాల కషాయం ఇంకాస్త కలపండి. మంట పెదవుల దగ్గరే ఉండి గొంతులోకి దిగకపోతే ఎండుమిర్చి ఎక్కువైంది, ఈసారి తగ్గించండి. నాలుక మొద్దుబారినట్టుంటే అది లవంగం. ఒక్కటి అంటే ఒక్కటే వేయాలి, రెండోది పడితే సీసా అంతా పంటినొప్పి మందు వాసనే.

తీపి గురించి గట్టిగా చెప్పాలి. చిత్తూరు బెల్లం బాగుంటుందని రెండు గరిటెలు వేస్తే షర్బత్ అవుతుంది, మళ్ళీ మొదటికొస్తాం. ఒక్క టీస్పూన్ బెల్లం తీపి కోసం కాదు, నీళ్ళలా జారిపోకుండా కాస్త చిక్కదనం కోసం. షుగరున్నవాళ్ళు అది కూడా మానేయొచ్చు. చప్పగా అనిపిస్తే బెల్లానికి బదులు నాలుగు చుక్కల నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ చూడండి. చాలావరకు లోటు అక్కడే ఉంటుంది.

నిల్వ

ఆల్కహాల్ సీసాను అలమరాలో ఏడాది ఉంచినా చెడిపోదు. ఇది అలా కాదు, నీళ్ళూ దినుసులే. ఫ్రిజ్‌లో అయిదు రోజులు, అంతే. మన ఎండల్లో బయట పెడితే సాయంత్రానికే పోవచ్చు. ఎక్కువరోజులు కావాలంటే ఐసు ట్రేలో గడ్డకట్టించి, రెండు మూడు ముక్కలు గ్లాసులో వేసి సోడా పోసుకోండి. గడ్డకట్టింది నెల దాకా బాగుంటుంది. మూత తీయగానే బుస్సుమన్నా, బుడగలు కనిపించినా, పుల్లకంపు వచ్చినా పారబోయండి. పులిసింది అంటే అందులో ఆల్కహాల్ కూడా పుట్టి ఉండొచ్చు. మానేసిన మనిషి గ్లాసులోకి అది పోకూడదు.

ఖాళీ మందు సీసాలో దీన్ని పోసి పెట్టకండి. ఇంట్లో ఆ సీసా కనబడటమే మానేసినవాళ్ళకు మంచిది కాదు. పైగా తిరుమల కొండ మీద మద్యం నిషేధం, అలిపిరి దగ్గర సామాను తనిఖీ ఉంటుంది. లోపలున్నది మూలికల నీళ్ళే అయినా అలాంటి సీసా తీసుకెళ్తే ఆపి అడుగుతారు.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి

గర్భిణులు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు జునిపర్ వేయకూడదు. కొందరు తీపి కోసం అతిమధురం కలుపుతారు. దానివల్ల బీపీ పెరుగుతుంది, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు అసలు వాడొద్దు. అల్సరు, గుండెలో మంట ఉన్నవాళ్ళు మిరియాలు సగం చేసి, మిరపకాయ తీసేయండి. చేదు కోసం వేపాకు, నేలవేము వేయడం కూడా మంచిది కాదు. వాటిని మందుగా వాడే లెక్క వేరు, రోజూ గ్లాసుల్లో తాగే లెక్క వేరు.

ఆవిరి పట్టే తీరిక లేకపోతే

అవే దినుసులను దంచి, మరిగించి చల్లార్చిన అర లీటరు నీళ్ళలో వేసి ఫ్రిజ్‌లో 12 గంటలు నానబెట్టి వడకట్టండి. వాసన అంత పైకి రాదు, దినుసుల రంగు కూడా నీళ్ళలోకి దిగుతుంది. కానీ కషాయం కలిపాక సోడాలో బాగానే ఉంటుంది. నా సలహా, మొదటిసారి ఇలాగే చేసి చూడండి, నచ్చితే ఆవిరికి దిగండి.

సీసా కొనేవాళ్ళు లేబుల్ చదవాలి. మన దేశంలో ఆహార భద్రతా నియమాల ప్రకారం 0.5 శాతానికి మించి ఆల్కహాల్ ఉన్నదాన్నే మద్యంగా లెక్కిస్తారు. అంటే ‘నాన్ ఆల్కహాలిక్’ అని రాసినంత మాత్రాన సున్నా అని కాదు. డైసల్ఫిరామ్ మాత్రలు వాడుతున్నవాళ్ళు, చుక్క కూడా వద్దనుకున్నవాళ్ళు 0.0 అని స్పష్టంగా ఉన్నదే తీసుకోండి. దాని పక్కనే చక్కెర ఎంతో కూడా చూడండి. సోడాకు బదులు టానిక్ వాటర్ కలిపితే చేదు బాగా కుదురుతుంది గానీ, అందులో క్వినైన్‌తో పాటు చక్కెర కూడా బాగానే ఉంటుంది.

ఎండాకాలంలో తోతాపురి మామిడికాయలు వచ్చినప్పుడు నిమ్మరసం తగ్గించి, పచ్చి కాయ ముక్కలు నాలుగు కషాయం దించే ముందు వేసి మూతపెట్టండి. ఆ పులుపులో కొంచెం వగరుంటుంది కాబట్టి అప్పుడు ఉసిరి అయిదు ముక్కలు అక్కర్లేదు, మూడు చాలు.